అత్తగారి కోటు

“ఇవేంటో నువ్వే చెప్పు” అంది వదిన.

భోజనాల బల్ల మీద, ఎవరూ ముట్టుకోని కాఫీ కప్పుల మధ్య, ముదురు ఆకుపచ్చ ఉన్ని గుడ్డ పేలికలు వరసగా పరిచి ఉన్నాయి. కొన్ని బెత్తెడు వెడల్పు, కొన్ని జానెడు. వదిన వాటిని ఒక్కొక్కటే సంచిలోంచి తీసి, ముడతలు చేత్తో సాపు చేసి మరీ పరిచింది. ఆవిడకు బట్టల కొట్టు ఉంది. ఎంత కోపంలోనైనా గుడ్డను నలగనివ్వదు.

నర్సమ్మ ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

“దర్జీ పంపిన సంచి వదినా. మిగిలిన గుడ్డ.”

“దేంట్లో మిగిలింది?”

నర్సమ్మ రెండో చెప్పు కూడా తొడుక్కుంది. ఈ మాటకు జవాబు రెండు కాళ్ళ మీద నిలబడి చెప్పాలనిపించింది.

“కోటులో.”

“మా అమ్మ కోటులో.”

“అత్తయ్యగారి కోటులోనే.”

కిటికీ పక్కన కూర్చున్న మాస్టారు జేబులోంచి చిన్న చాకు తీసి పెన్సిలు చెక్కడం మొదలుపెట్టారు. ఆయన బడిలో డ్రాయింగు చెబుతారు. ఇంట్లో అక్కకూ భార్యకూ మాట పెరిగినప్పుడల్లా ఆయన పెన్సిళ్ళు సన్నబడిపోతుంటాయి.

“నీకు తెలుసా తమ్ముడూ ఈ సంగతి?”

“నాకేం తెలుసక్కా” అంటూ ఆయన చొక్కా భుజాల మీద లేని చెక్కుపొట్టు దులుపుకున్నారు.

“గుమ్మడికాయల దొంగెవరంటే నీలాంటివాడే భుజాలు తడుముకున్నాడు” అంది వదిన. మాస్టారు మళ్ళీ చాకు అందుకున్నారు.

ఆ పూటే నర్సమ్మ నర్సింగు కాలేజీకి ప్రిన్సిపాలుగా చార్జి తీసుకోవాలి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి తెల్ల యూనిఫాంలో తిరిగిన మనిషి సొంత బట్టల్లో పనికి వెళ్ళడం ఇదే మొదలు. ఆ కబురు తెలిసిన రోజున వదిన మేడ మీద తన వాటాలోంచి కోటు పట్టుకుని దిగి వచ్చింది. “మా అమ్మ వేసుకున్న కోటు. ఇది వేసుకుని వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో” అని చేతిలో పెట్టింది. నర్సమ్మకు కళ్ళు చెమర్చాయి. అది నిజం.

అద్దం ముందు నిలబడ్డాక నవ్వొచ్చింది. అదీ నిజమే.

అత్తగారు భారీ మనిషి. ఆవిడ వీధిలోకి వస్తే సైకిళ్ళు పక్కకు తప్పుకునేవట. ఆ కోటులో నర్సమ్మ లాంటివాళ్ళు ఇద్దరు పట్టి, మధ్యలో సంచి పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది. భుజం కుట్టు మోచేతి వైపు జారిపోయింది. తను కోటు తొడుక్కున్నట్టు లేదు, కోటే తనను మింగి కాలరు దగ్గర తల మాత్రం వదిలిపెట్టినట్టుంది.

“దర్జీకిచ్చి కోయించే ముందు ఒక్క మాట అడగాల్సింది కదమ్మా” అంది కూతురు వంటింటి గుమ్మంలోంచి. ఆ పిల్ల అత్త చేతుల్లో పెరిగింది. తల్లి డ్యూటీకి వెళ్తే అత్త జడ వేసేది, అత్త బడిలో దింపేది. అందుకే ఇంట్లో తగువు వస్తే తెలియకుండానే ఆమె అడుగులు అత్త వైపే పడతాయి.

“అడిగితే వద్దంటారు” అంది నర్సమ్మ.

“వద్దనే అంటాను” అంది వదిన. “నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బట్టలమ్ముతున్నాను. సన్నగా ఉన్నవాళ్ళు వదులుగా వేసుకోవాలి. కుచ్చులు పెట్టుకోవాలి, పెద్ద పువ్వులేసుకోవాలి. చూసేవాళ్ళ కళ్ళకు ఒళ్ళు నిండుగా కనపడాలి. అందులోనూ నీ వయసులో. ఎముకలు బయటపెట్టుకుని వెళ్తే, ఈవిడకే తిండి లేదు, ఇక పిల్లలకేం నేర్పుతుందంటారు.”

ఈ పాఠం నర్సమ్మకు కంఠతా వచ్చు. ప్రతి పుట్టినరోజుకూ మేడ మీద నుంచి ఒక పొట్లం దిగేది. అందులో బుట్ట చేతులో, మూడు వరసల కుచ్చులో, అరచేతంత పువ్వులో ఉండేవి. వదిన మనసు నొచ్చుకుంటుందని వేసుకునేది. తర్వాత ఫొటోల్లో చూసుకుంటే పందిరి గుంజకు తోరణాలు కట్టినట్టు ఉండేది.

“వదినా, యూనిఫాంలో నేను బాగుంటానని ఎవరన్నారు?”

“ఎవరన్నారు?”

“మీరే. పోయినేడు నేను డ్యూటీ నుంచి అలాగే అమ్మాయి కాలేజీకి వచ్చినప్పుడు అన్నారు. యూనిఫాంలో నువ్వు మనిషిలా ఉంటావు, ఇంటికొస్తే ఏమవుతుందో ఏమో అని.”

“అన్నానేమో.”

“నేనూ దాని గురించే ఆలోచించాను. యూనిఫాం నా కొలతకు కుట్టింది. భుజం కుట్టు భుజం మీదే ఉంటుంది. చెయ్యి మణికట్టు దగ్గర ఆగుతుంది. అంతే తేడా. నాకు నడుం లేదు, తుంటి లేదు. యాభై దాటాయి, ఇక వస్తాయన్న ఆశ కూడా లేదు. నాకున్నది పొడుగు. ఇన్నాళ్ళూ లేనిదాన్ని ఉన్నట్టు చూపించబోయి, ఉన్నదాన్ని దాచేసుకున్నాను.”

“ఎంత మాట నేర్చావు. నువ్వు రాత్రుళ్ళు డ్యూటీ చేస్తుంటే నీ కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నది ఎవరు?”

“మీరే. ఆ మేలు నేను ఏ రోజూ మరిచిపోలేదు. కానీ దానికీ నా భుజం కుట్టుకీ సంబంధం లేదు వదినా.”

మాస్టారి చాకు ఆగింది. ఆ ఇంట్లో వదినకు అలాంటి జవాబు చెప్పినవాళ్ళు లేరు. నర్సమ్మ గొంతు పెంచలేదు, కళ్ళు దించలేదు. మందు చేదుగా ఉంటుందని రోగికి చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆమె లోపలికి వెళ్ళి కోటు తొడుక్కుని వచ్చింది.

లోపల మెడ దాకా వచ్చే పల్చటి బూడిద రంగు చొక్కా, కింద అదే రంగు ప్యాంటు. పైన అత్తగారి ఆకుపచ్చ కోటు భుజాల నుంచి మోకాళ్ళ దాకా ఎక్కడా ఆగకుండా నిటారుగా దిగింది. బెల్టు లేదు, కుచ్చు లేదు. చేతులు మణికట్టు ఎముక దగ్గర ముగిశాయి. ఎప్పుడూ లోపలికి ముడుచుకుని నడిచే మెడ ఇవాళ కాలరులోంచి తాపీగా పైకి లేచింది. తెల్లబడిన జుట్టు కూడా ఆ ఆకుపచ్చ మీద కావాలని పెట్టుకున్న నగలా ఉంది.

కూతురు అత్త పక్కనుంచి ఒక అడుగు ఇటు వేసింది. “అమ్మా, నువ్వు ఇంత పొడుగని నాకు తెలీదు.”

మాస్టారు పెన్సిలు పక్కన పెట్టారు. చాలాసేపు చూసి, “చెయ్యెత్తకుండా ఒక్క గీతలో వేసిన బొమ్మలా ఉన్నావు” అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోటి నుంచి అంత పొడుగు మెచ్చుకోలు రావడం అదే మొదటిసారి. నర్సమ్మ దాన్ని సిగ్గుపడకుండా తీసుకుంది. తల కొంచెం వంచి, “థాంక్స్ అండీ” అంది.

అదే వదినకు కాలింది.

“తియ్యి. ముందు ఆ కోటు తియ్యి. పోయిన చలికాలం దాకా నేను వేసుకున్న కోటు అది. నా ఒంటికి సరిగ్గా ఉండేది. ఉంచుకోవాల్సినదాన్ని నీకిచ్చాను. ఇవాళ మా వంశంలో ఎవరికీ పనికిరాకుండా చేశావు. అమ్మడూ, ఇటు రా, నువ్వూ చూద్దువుగాని. ఇందులో నా చెయ్యైనా దూరుతుందేమో.”

నర్సమ్మ కోటు తీసి ఇచ్చింది. వదిన ముందు శాలువా తీసి కుర్చీ మీద పడేసింది. తర్వాత స్వెట్టరు తీసింది. దాని కింద ఇంకో స్వెట్టరు ఉంది. అది కూడా తీసింది. కోపంలో ఉంది కాబట్టి ఏం తీస్తున్నదీ ఆవిడ చూసుకోలేదు.

ఒక చెయ్యి దూరింది. రెండో చెయ్యి కూడా దూరింది. చేతులు కాస్త పొడుగై వేళ్ళ మీదికి వచ్చాయి. రెండు అంచులూ ఎడంగానే ఉండిపోతాయని అందరికీ చూపించడానికి ఆవిడ వాటిని పట్టుకుని ముందుకు లాగింది.

గుండీ కాజాలోకి వెళ్ళిపోయింది.

రెండోదీ వెళ్ళింది. అక్కడ ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

గోడ అవతల పక్కింటివాళ్ళ రేడియోలో ఎవరో వాతావరణం గురించి చెబుతున్నారు.

“అత్తా, నీకూ సరిపోయిందే” అంది కూతురు, తగువు తీరిపోయిందన్న సంబరంతో. “అయితే ఒకరోజు నువ్వు, ఒకరోజు అమ్మ వేసుకోవచ్చు.”

మాస్టారు గోడ గడియారం వైపు చూసి లేచారు. “టాక్సీ పిలుచుకొస్తాను. మాట్లాడుకుంటూ ఉంటే కాలేజీవాళ్ళు ఖాళీ కుర్చీకే చార్జి ఇచ్చేస్తారు” అంటూ బయటికి నడిచారు. ఆయన కోటునే చూశారు, కోటులో ఉన్న మనిషిని చూడలేదు.

నర్సమ్మ చూసింది.

గొంతు కింద రెండు గుంటలు. గుండీ మీద ఆగిన వేళ్ళకు వదులైన ఉంగరం, జారిపోకుండా దానికి చుట్టిన దారం. ఆసుపత్రిలో అయితే మంచం దగ్గరికి చేరకముందే పట్టేసేది. కానీ నర్సు కళ్ళు చెప్పుల్లాంటివి, ఇంటికి రాగానే గుమ్మం దగ్గర విప్పేసి లోపలికి వస్తాం. మొహం పీక్కుపోయిందేమిటి వదినా అని ఒకసారి అడిగింది. కొట్లో పని ఎక్కువైందంది. సరే అనుకుంది. రెండు స్వెట్టర్లు చూసి చలి ఎక్కువనుకుంది.

“అమ్మాయ్, కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టు” అంది కూతురితో. వదిన చెయ్యి పట్టుకుని పడకగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

“ఎన్నాళ్ళయింది?”

“ఏది?”

“వదినా, మరదలిగా అడగట్లేదు.”

వదిన మంచం అంచున కూర్చుంది. కోటు విప్పలేదు. దాని అంచులు మోకాళ్ళ మీదికి లాక్కుంది.

“ఎండాకాలం నుంచి. మొదట్లో సంతోషపడ్డాననుకో. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను చిక్కావన్నవాళ్ళు లేరు. కొట్లో అమ్మాయిలు, ఏం చేస్తున్నారు మేడం, మాకూ చెప్పండన్నారు. నేనేం చెయ్యట్లేదు కదా, ఏం చెప్పను. తర్వాత అది ఆగలేదు. మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది.”

“డాక్టరుకు చూపించుకున్నారా?”

“కొట్టు వదిలి ఎక్కడికి పోతాను?”

“మాకెందుకు చెప్పలేదు?”

వదిన నవ్వబోయింది. అది సరిగ్గా రాలేదు.

“ఈ ఇంట్లో నువ్వు అడుగుపెట్టిన రోజు నుంచి నిన్ను పుల్ల అని పిలిచినదాన్ని నేను. పదిమందిలో కూడా పిలిచాను. ఇప్పుడు నేనే పుల్లనైతే ఆ మాట ఎవరికి చెప్పుకోను? నీకా?”

నర్సమ్మ ఆ పక్కనే కూర్చుంది. కొన్ని మాటలకు ఓదార్పు చెబితే వాటిని తేలిక చేసినట్టవుతుందని ఆమెకు అనుభవం.

“కోటు నీకెందుకిచ్చాననుకున్నావు?” అంది వదిన గొంతు తగ్గించి. “ఈసారి చలికి తీసి వేసుకుంటే వేలాడింది. మా అమ్మ కోటు నా మీద వేలాడింది. అద్దంలో చూడలేకపోయాను. నువ్వు సన్నటిదానివి, నీ మీద ఎలాగూ వేలాడుతుంది, ఎవరూ పట్టించుకోరనుకున్నాను. అందుకిచ్చాను. ప్రేమతో అనుకున్నావు కదూ?”

“ప్రేమ కూడా ఉంది.”

“కొంచెం ఉంది” అంది వదిన.

ఇద్దరూ నవ్వారు. వదిన కళ్ళు తుడుచుకుంది.

“ఇవాళ చార్జి తీసుకోవడం అవగానే, పక్కనే ఆసుపత్రి. మనిద్దరం వెళ్తున్నాం” అంది నర్సమ్మ.

“ఇవాళ నీ రోజు. నా గొడవ ఇంకో రోజు చూద్దాం.”

“నా రోజే. అందుకే నేను చెప్పినట్టు జరగాలి. ఇంట్లో ఒక్క మనిషిని ఒప్పించలేనిదాన్ని, కాలేజీ నిండా పిల్లల్ని ఏం ఒప్పిస్తాను?”

“తమ్ముడికి మాత్రం చెప్పకు. వాడు తట్టుకోలేడు.”

నర్సమ్మ లేచి బీరువా తెరిచింది.

“ఆ స్వెట్టర్లు మళ్ళీ వేసుకోకండి. ఒకదాని మీద ఒకటి వేసుకుంటే ఒళ్ళు రాదు, బరువు వస్తుంది. చలికి ఒక్కటి చాలు, ఒంటికి దగ్గరగా ఉండేది. ఇదిగో ఈ బూడిద రంగుది వేసి చూడండి.”

“అది నీది.”

“నాదే. ఇప్పుడు మన ఇద్దరిదీ ఒకటే కొలత. ఆ శాలువా కూడా వద్దు. మెడకు ఈ చిన్న స్కార్ఫు చాలు.”

వదిన కోటు విప్పి, స్వెట్టరు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. ముందు పక్కకు తిరిగింది, తర్వాత ఎదురుగా. భుజాలు ముడుచుకున్నాయి.

“ఎముకలు కనపడుతున్నాయి.”

“కనపడనివ్వండి. నావి ఎప్పట్నుంచో కనపడుతూనే ఉన్నాయి, చూసి ఎవరూ మూర్ఛపోలేదు. దాచుకుంటే డాక్టరుకు కూడా కనపడవు. భుజాలు వెనక్కి. ఆ, అలా. గడ్డం కొంచెం పైకి.”

“నర్సువి, నాకు డ్రిల్లు చేయిస్తున్నావు.”

“ప్రిన్సిపాలుని.”

వదిన అద్దంలోకి ఇంకాస్త వంగింది. మొహం చిట్లించింది. ఈసారి ఆ చిట్లింపు జబ్బు మనిషిది కాదు, కొట్టు మనిషిది.

“ఈ బూడిద రంగు నీకు బాగుంటుంది, నాకు కాదు. చామనఛాయ మొహానికి పీనుగ కళ వస్తుంది. ఆ చిలక్కొయ్యకున్న ఎర్రది ఇలా తే. ఆ స్కార్ఫు ముడి పక్కకు రావాలి, మధ్యలో కాదు. బట్టలు తొడగడం నీకు తెలిసినంత నాకూ తెలుసు.”

“మీకు తెలిసినంత నాకు తెలియదు. నా కొలత ఒక్కటే నాకు తెలుసు.”

వదిన ఎర్ర స్వెట్టరు తొడుక్కుంది. ముడి పక్కకు తిప్పుకుంది. అద్దంలో ఇద్దరు సన్నటి ఆడవాళ్ళు పక్కపక్కన నిలబడి ఉన్నారు, ఒకరు ఎప్పటి నుంచో, ఒకరు కొత్తగా. వదిన ఆ రెండో మనిషిని కాసేపు పరాయివాళ్ళను చూసినట్టు చూసింది. తర్వాత మంచం మీది కోటు తీసి, దులిపి, నర్సమ్మ వెనక్కి వచ్చి పట్టుకుంది.

“చెయ్యి పెట్టు.”

నర్సమ్మ చేతులు దూర్చింది. వదిన వెనక నుంచి భుజాల కుట్టు సర్ది, వేలితో దాని వెంట ఒకసారి రాసింది.

“ఎవరీ దర్జీ?”

“మార్కెట్టు వెనక సందులో.”

“చెయ్యి మంచిదే” అంది వదిన, అంతకంటే ఎక్కువ ఒప్పుకోవడం ఇష్టం లేక.

బయట టాక్సీ హారను మోగింది. ఇద్దరూ తలుపు తీసుకుని ముందుగదిలోకి వచ్చారు. కూతురు వేడి కాఫీ కప్పులు బల్ల మీద పెడుతోంది. మాస్టారు గుమ్మంలో నిలబడి, “టాక్సీ వచ్చింది, ఇక...” అంటూ తలెత్తారు.



అక్క శాలువా లేకుండా, రెండు స్వెట్టర్లు లేకుండా ఆయన ఎదురుగా ఉంది. బొమ్మలు గీసే మనిషి. ఒక్కసారి చూపు పడితే ఏ గీత ఎక్కడుండాలో, ఎక్కడ లేదో ఆయనకు తెలిసిపోతుంది. మెడ నుంచి భుజానికి, భుజం నుంచి మణికట్టుకు ఆయన చూపు నెమ్మదిగా దిగింది.

“అక్కా, మీ ఇద్దరిలో ఎవరు చెప్తారు నాకు?” అన్నారు.

వదిన మరదలి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో చిక్కుమాట ఏదొచ్చినా అందరి తరఫునా వదినే చెప్పేది, లేదా ఎవరు చెప్పాలో వదినే తేల్చేది. చెప్పాల్సింది మీరే అన్నట్టు నర్సమ్మ వదిన చేతిని తన చేతిలోకి తీసుకుంది.

కూతురు కప్పు పట్టుకుని కదలకుండా నిలబడింది.

వదిన ఊపిరి పీల్చుకుంది. భుజాలు వెనక్కి వెళ్ళాయి.

“పోయిన నెలే డాక్టరుకు చూపించుకున్నాను తమ్ముడూ” అంది.

నర్సమ్మ చెయ్యి ఒక్కసారి బిగిసింది. లోపల అడిగిన ప్రశ్నకు వదిన జవాబు చెప్పలేదని, కొట్టు పేరు చెప్పి తప్పించుకుందని అప్పుడు అర్థమైంది.

“ఏమన్నారు?” అన్నారు మాస్టారు.

“చెప్తాను. అన్నీ చెప్తాను. దాచను” అంది వదిన. బల్ల మీది ఆకుపచ్చ పేలికలను దాటుకుని గుమ్మం దాకా నడిచి, తమ్ముడి భుజం మీద చెయ్యేసింది. “కానీ ముందు మా మరదల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి రావాలి. పదండి, టాక్సీ ఎక్కండి.”